చెదరియున్న బడులకు ఒకే పలక

అంతర్జాలమున ఉచితముగా లభించు సహకార సాధనములను, అనగా ఒకే పత్రమును పలువురు పలు ఊళ్ళనుండి ఏకకాలమున వ్రాయుటకును దిద్దుటకును వీలు కల్పించు సాధనములను, మన తెలుగు పాఠశాలలలోను వాని గ్రంథాలయములలోను ప్రవేశపెట్టవచ్చునా యను ప్రశ్న మన సంఘమున తఱచు తలయెత్తుచున్నది. పెద్దలు కొందఱు వలదనుచున్నారు. యువకులు కొందఱు దొరకిన దానినెల్ల వెంటనే తెచ్చి పెట్టుడనుచున్నారు. ఈ రెండు మాటలలో దేనిని మేము అంగీకరింపజాలము. ఆ సాధనములు మన బడులకు అవసరము. ఇతరుల బడులకంటె మనకే ఎక్కువ అవసరము. అయితే ఉచితమన్నంత మాత్రమున ప్రతి సాధనము మనది కాజాలదు. వర్తకులమగుటచే, ఉచితమను మాట వినబడినప్పుడు తక్కెడ తీసి తూచి చూచుట మాకు అలవాటు. ఆ తూకమునే పాఠకుల యెదుట ఉంచుచున్నాము.

మొదట మన స్థితి యెట్టిదో చూతము. 2011 జనాభా లెక్కలనుబట్టి తమిళనాట తెలుగు మాతృభాషగా గలవారు 42 లక్షలకు పైబడియున్నారు. కర్ణాటకమున 35 లక్షలకు పైబడియున్నారు. సంఖ్య చూచిన గొప్పదే. కాని ఆ లక్షలన్నియు ఒకచోట కుప్పగా లేవు. హోసూరున కొందఱు, కోలారున కొందఱు, బళ్ళారిని కొందఱు, బరంపురమున కొందఱు, షోలాపురపు మగ్గముల వీథులలో కొందఱు. విత్తనములు చల్లినట్లు చెదరియున్నాము. తెలుగు చెప్పు బడి యున్నచోట ఉపాధ్యాయుడు తఱచు ఒక్కడే. రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చుండబెట్టి ఆయనయే పాఠము చెప్పవలెను, ఆయనయే ప్రశ్నపత్రము వ్రాయవలెను, ఆయనయే గ్రంథాలయపు బీరువా తాళము కొంగున కట్టుకొనవలెను. నలువది మైళ్ళ దూరమున మఱియొక తెలుగు ఉపాధ్యాయుడు అదే పాఠమునకు అదే ప్రశ్నపత్రమును ఒంటరిగా వ్రాసికొనుచుండును. ఒకరి శ్రమ మఱియొకరికి అందదు. ఒకరి పొరపాటును మఱియొకరు దిద్దరు.

ఇక పిల్లల సంగతి. ఇంట తెలుగు మాటలాడుదురు. వీథిలో తమిళమో కన్నడమో ఒడియాయో మరాఠీయో మాటలాడుదురు. బడిలో ఇంగ్లీషు చదువుదురు. వానిలో ఏదియు తప్పు గాదు. మనము వసించు రాష్ట్రపు భాషను నేర్చుట మన ధర్మము. తమిళనాట 2006లో వచ్చిన చట్టము తమిళ బోధనను ఒకటవ తరగతి మొదలుకొని అంచెలంచెలుగా పదవ తరగతి వరకు తప్పనిసరి చేసినది. తమిళమును నేర్వరాదని మనలో ఎవ్వరును అనలేదు, అనరాదు. కాని ఫలితముగా ఒక తరము తయారగుచున్నది: తెలుగు చెవికి తెలిసి కంటికి తెలియని తరము. నాయనమ్మ చెప్పు కథ అర్థమగును. ఆ కథ అచ్చున కనబడిన చదువలేరు. మాట మిగిలి వ్రాత పోయిన భాష ఎన్ని తరములు నిలుచునో పాఠకులే యోచింతురు గాక.

దీనికి మన నాయకులు చెప్పు మందు ఒక్కటే: మహజరు. 1956 నాటి ఏడవ రాజ్యాంగ సవరణచే చేరిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. 350-బి అధికరణము ఆ హక్కులను గమనించుట కొక ప్రత్యేకాధికారిని ఏర్పఱచినది. ఆ అధికరణములను చేతబట్టి అర్జీలు పెట్టుట అవసరమే, పెట్టుచునే యుండవలెను. కాని ప్రభుత్వము ఉపాధ్యాయుని ఇచ్చిన తరువాత, ఆ ఉపాధ్యాయుని చేతికి ఏమి ఇత్తుము? తరగతి గది ఇచ్చిన తరువాత, ఆ గదిలో పిల్లలు ఏమి చదువుదురు? అర్జీ ఒక చేయి, స్వయంకృషి మఱియొక చేయి. ఒక చేతితో చప్పట్లు మ్రోగవు.

ఆ రెండవ చేతికి తగిన పనిముట్టు సహకార సాధనము. చెదరియున్నవారిని కూర్చుటకే అది పుట్టినది. వార్డ్ కన్నింగ్‌హామ్ అను అమెరికా దేశీయుడు 1995లో మొదటి వికీని నిర్మించెను. హవాయీ భాషలో వికీ యనగా త్వరితమని యర్థము. ఎవరైనను పుటను తెఱచి వ్రాయవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును, వ్రాసినదియు కొట్టివేసినదియు తేదీతో, వేళతో, పేరుతో చరిత్రలో నిలిచియుండును. వర్తకులకు ఇంతకంటె నచ్చు సంగతి లేదు. ఇది చెరుపు పడని చిట్టా. ఎవరు ఏ పద్దు వ్రాసిరో ఎన్నడైనను చూడవచ్చును.

పలువురు కలసి ఒక గ్రంథమును నిర్మించుట తెలుగువారికి క్రొత్త గాదు. నన్నయ ఆరంభించి అరణ్యపర్వమున విడిచిన భారతమును తిక్కన విరాటపర్వము నుండి అందుకొనెను. నడుమ మిగిలిన కొఱతను ఎఱ్ఱన పూరించెను. ముగ్గురి నడుమ శతాబ్దముల యెడమున్నను గ్రంథము ఒక్కటే. పందొమ్మిదవ శతాబ్దమున బ్రౌను దొర కడపలో పండితులను కూర్చి, వ్రాతప్రతులను ఒకదానితో నొకటి సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. నాగపురమున చదువుకొన్న కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు తెలుగున విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొని, 1923లో మదరాసున కన్నుమూయునాటికి దానిని ముగింపలేకపోయిరి. ప్రవాసమున పెరిగినవాడే తెలుగునకు అంతటి పనిని తలపెట్టెనని మన పిల్లలకు ఎవరు చెప్పుచున్నారు? 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనది. ఆయన విడిచిన పని వంటి పనిలో నేడు హోసూరు పిల్లవాడును చేయి వేయవచ్చును.

ఇక పాఠశాల గ్రంథాలయములలో ఈ సాధనములతో చేయదగిన పనులు మూడు చెప్పుదుము.

మొదటిది, ఉమ్మడి పట్టిక. మన బడుల బీరువాలలో ఏ పుస్తకములున్నవో పొరుగు బడికి తెలియదు. కొన్నిచోట్ల ఆ బడికే తెలియదు. పలువురు నింపదగు ఒకే పట్టికను తెఱచి, ప్రతి బడియు తన పుస్తకముల పేరు, గ్రంథకర్త, అచ్చయిన సంవత్సరము వ్రాసిన చాలును. పది బడుల చిన్న బీరువాలు ఒక పెద్ద గ్రంథాలయమగును. పుస్తకము ఎక్కడున్నదో తెలిసిన తరువాత తెప్పించుకొనుట కష్టము గాదు.

రెండవది, పాత పుస్తకముల పునరుద్ధరణ. 1957 నాటి మన కాపీరైటు చట్టము ప్రకారము గ్రంథకర్త మరణించిన మఱుసటి సంవత్సరము మొదలుగా 60 ఏండ్లు గడచిన పిదప ఆయన గ్రంథము అందఱి సొత్తు. చెదలకు ఆహారమగుచున్న అట్టి పుస్తకములు మన బీరువాలలో నున్నచో, వానిని ఛాయాచిత్రములు తీసి వికీసోర్సున చేర్పవచ్చును. అక్కడ పని జరుగు తీరు మాకు ఎంతో నచ్చినది. దిద్దని పుటకు ఎఱుపు గుర్తు. ఒకరు బొమ్మతో సరిచూచి దిద్దిన పుటకు పసుపు. వేఱొకరు మరల సరిచూచిన పిదపనే ఆకుపచ్చ. దిద్దినవాడే తన పనికి తానే ముద్ర వేసికొన వీలు లేదు. తెలుగు కంటికి తెలియని పిల్లవానికి ఇంతకంటె మంచి చదువు ఉన్నదా? అక్షరము అక్షరము చూచును. ఒత్తు తప్పిన కనిపెట్టును. తాను దిద్దిన పుటను ఏ దేశమందలి తెలుగువాడైనను చదువునని తెలిసి శ్రద్ధ పెట్టును.

మూడవది, ఊరి మాటలు, ఊరి చరిత్ర. షోలాపురపు నేతగాండ్ర పనిముట్ల పేర్లు, కోలారు రైతుల వ్యవసాయపు మాటలు, బరంపురపు వంటల పేర్లు విక్షనరీలో చేరదగినవి. ఇచ్చట ఒక హెచ్చరిక. అచ్చయిన ఆధారము లేని సంగతిని వికీపీడియా అంగీకరింపదు. తాతగారి జ్ఞాపకము ఎంత విలువైనదైనను అచ్చట చోటు లేదు. దానికి మన బడుల సొంత వికీ కావలెను.

సొంత వికీ యనగా ఆకాశమునకు నిచ్చెన వేయుట యని కొందఱు నవ్వుదురు. వారు పొరుగు రాష్ట్రము వంక చూతురు గాక. కేరళ రాష్ట్రము 2009లో స్కూల్‌వికీ అను దానిని ఆరంభించినది. వికీపీడియా నడచు మీడియావికీ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుమీదనే అదియు నడచుచున్నది. 15 వేలకు పైగా పాఠశాలల పుటలు అందున్నవి, వ్రాత ప్రధానముగా మలయాళమున. బడి చరిత్ర, ఊరి చరిత్ర, పిల్లల రచనలు ఉపాధ్యాయులును విద్యార్థులును కలసి వ్రాయుచున్నారు. 2020లో మహమ్మారిచే బడులు మూతపడినప్పుడు ‘అక్షరవృక్షం’ అను పేర పిల్లల కథలు, కవితలు, వ్యాసములు వేలకొలదిగా అందు చేరినవి. అది ప్రభుత్వబలము గలదని మీరనవచ్చును. నిజమే. కాని వారికి కావలసినవి వేల బడులు. మనకు కావలసినవి పదులు. మీడియావికీకి వెల లేదు. సర్వరున చోటునకును పేరునకును అగు ఖర్చు ఉన్నది. అది మనము ఉగాది సభకు వేయించు షామియానాను, కప్పు శాలువలను చూచి జడియదగినది గాదు.

ఇప్పుడు పెద్దల ఆక్షేపణలకు వత్తము. పిల్లలు నకలు కొట్టుదురని మొదటి ఆక్షేపణ. పుస్తకము చూచి నకలు కొట్టువాడు పూర్వము లేడా? చరిత్ర పుట గల సాధనమున నకలు దాగదు. ఒక్కసారిగా వచ్చిపడిన నాలుగు పేరాలు ఉపాధ్యాయుని కంటికి వెంటనే తగులును. ఎవడు వడిగా వ్రాసెను, ఎవడు ఊరక కూర్చుండెను అన్నది కూడ తేలును. నకలునకు వెఱచువారు వెఱవవలసినది చరిత్ర లేని సాధనమునకు.

ఎవరైనను వ్రాయవచ్చును గనుక తప్పులుండునని రెండవ ఆక్షేపణ. ఉండును. అచ్చు పుస్తకమునను ఉండును. అచ్చు పుస్తకపు తప్పు మఱు ముద్రణ వఱకు నిలిచియుండును. వికీలోని తప్పు చూచినవాని చేతనే దిద్దబడగలదు. చూచియు దిద్దక పెదవి విఱచుట పండితలక్షణము గాదు.

యంత్రములు లేవని మూడవ ఆక్షేపణ. గ్రంథాలయపు గదిలో ఒక్క కంప్యూటరు, ఒక కనెక్షను చాలును. పిల్లలు వంతులవారీగా కూర్చుందురు. కొన్ని బడులలో దాతలిచ్చిన యంత్రములు గుడ్డ కప్పబడి, తాళము వేయబడి, తనిఖీ నాడు మాత్రమే వెలుగు చూచుచున్నవి. పుస్తకమునకు తాళము, యంత్రమునకు తాళము. పాడగునను భయముచే వాడనీయనిది పాడయినదానితో సమానమే.

నాలుగవ ఆక్షేపణ పిల్లల క్షేమమును గూర్చినది. దీనిని మేము తేలికగా త్రోసివేయము. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని బాలలుగానే యెంచి, వారి సమాచారమును గైకొనుటకు తల్లిదండ్రుల అనుమతి కావలెనని విధించినది. కావున పిల్లల అసలు పేర్లు, ఛాయాచిత్రములు, ఫోను సంఖ్యలు ఎక్కడను పెట్టరాదు. కలంపేర్లు వాడవలెను. ఉపాధ్యాయుడు చెంత నుండగనే పని జరుగవలెను. తల్లిదండ్రులకు ముందుగా చెప్పి సమ్మతి పొందవలెను. ఇది ఆ సాధనములను మానుటకు కారణము గాదు. జాగ్రత్తతో వాడుటకు కారణము.

ఇంతవఱకు పెద్దలతో వాదించితిమి. ఇక యువకులతో వాదింపవలసియున్నది. దొరకిన ఉచిత సాధనమునెల్ల తెండనువారు ఒక ప్రశ్నకు బదులు చెప్పవలెను: ఆ ఉచితపు సరకునకు ఖర్చు ఎవరు పెట్టుకొనుచున్నారు, ఎంతకాలము పెట్టుకొందురు? వికీస్పేసెస్ అను సంస్థ 2005లో బయలుదేరి ఉపాధ్యాయులకు ఉచితముగా వికీలనిచ్చెను. పలు దేశముల ఉపాధ్యాయులును గ్రంథాలయాధికారులును ఏండ్ల తరబడి తమ పాఠములను, పిల్లల పనిని అందు దాచుకొనిరి. 2018లో ఆ సంస్థ అంగడి కట్టివేయుచున్నామని ప్రకటించినది. గడువులోపల మూట కట్టుకొన్నవారికి దక్కినది. కట్టుకొననివారికి చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లయినది. గూగుల్ సంస్థ 2014లో విద్యాసంస్థలకు హద్దులేని నిల్వచోటు ఇత్తుమన్నది. 2021లో దానికి హద్దు ప్రకటించి, సంస్థకు 100 టెరాబైట్లని మఱుసటి ఏడు అమలుపఱచినది. మన చిన్న బడులకు అంత చోటు అక్కఱయే లేదు, నిజము. కాని మాట ఇచ్చినవాడే మాట మార్చగలడని అందువలన తెలియుచున్నది. అది వాని తప్పు గాదు. అంగడి వానిది.

దీనికి ఎదురుగా మఱియొక ఉదాహరణము. 2008లో పుట్టిన ఈథర్‌ప్యాడ్ అను సాధనమును 2009 డిసెంబరున గూగుల్ కొనెను. మఱుసటి యేట మూలపు అంగడి మూతపడెను. కాని దాని మూలసూత్రము అప్పటికే అందఱికిని బయటపెట్టబడియుండెను. కావున ఈథర్‌ప్యాడ్ చావలేదు. నేటికిని ఎవరైనను తమ సర్వరుపై నడపుకొనవచ్చును. గ్రంథాలయముల కొఱకు న్యూజీలాండున 1999లో తయారుచేయబడిన కోహా అను సాఫ్ట్‌వేరు కూడ అట్టిదే. కోహా యనగా అచ్చటి మావోరీల భాషలో కానుక యని యర్థము. తీసికొన్నవాడు ఎన్నడైనను బదులు తీర్పవలసిన మర్యాద గల కానుక. వర్తకుడు ఎర వేయుట కిచ్చు ఉచితము వేఱు, ఈ కానుక వేఱు. మొదటిది ఇచ్చినవాని ఇష్టము. రెండవది అందుకొన్నవారి సొత్తు, బాధ్యత.

ఆ మూట వంటిదే మన తూకమునకు తూనికరాయి. ఒక సాధనమును బడిలోనికి తెచ్చుటకు ముందు అడుగవలసిన ప్రశ్న ఇది: మన పిల్లలు వ్రాసినదంతయు ఏ క్షణమునైనను మూట కట్టుకొని మఱియొక చోట దింపుకొన వీలున్నదా? ఉన్నచో తీసికొందము. లేనిచో, రేపటి తరగతికి ప్రశ్నపత్రము వ్రాసికొనుట వంటి గడచిపోవు పనికి మాత్రమే వాడుకొందము. నిలువదగిన దానిని అందు ఉంచరాదు. వికీపీడియా, వికీసోర్సు, విక్షనరీ, సొంత మీడియావికీ ఈ తూకమునకు నిలుచును. వానిలోని వ్రాత, కర్తల పేరు చెప్పి అదే షరతుతో పంచుకొన్నంతవఱకు ఎవరైనను తీసికొనదగినది. గూగుల్ డాక్స్ వంటివానిని వాడుకొనవచ్చును. వాడినప్పుడెల్ల మాసమున కొకమారు ప్రతిని దించి బడి చెంత నుంచుకొనవలెను. వర్తకుడు సంధ్యవేళ గల్లాపెట్టె లెక్క చూచికొననిదే అంగడి కట్టడు. బడి మాత్రము ఎందులకు కట్టవలెను?

మన నాయకులకు ఒక మాట. నన్నయ పేరు చెప్పి, బ్రౌను పేరు చెప్పి, రాయల పేరు చెప్పి సభలు జరుపుట చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనుట వంటిది. చెట్టునకు నీరు పోయువారు ఎవరు? ఉగాది నాడు వేదికపై కూర్చుండు పదిమందిలో, మన బడి గ్రంథాలయపు బీరువాను ఈ ఏడు ఒక్కమారైనను తెఱచి చూచినవారు ఎందఱు? వర్తక సోదరులు విరాళమీయుటకు వెనుదీయరు, మేమును వారిలోనివారమే. కాని మా విరాళము గోడమీది చలువరాతి పేరు గాక, పిల్లవాడు తెఱచు పుట కావలెనని కోరుచున్నాము.

కావున మన సంఘము ముందు మూడు తీర్మానములుంచుచున్నాము. వచ్చు విద్యాసంవత్సరారంభమునకు ప్రతి బడియు తన పుస్తకముల పట్టికను ఉమ్మడి పట్టికలో చేర్పవలెను. ప్రతి బడియు హక్కుల గడువు తీరిన పుస్తకము నొక్కదానిని ఎన్నుకొని, అది మునుపే చేరలేదని చూచికొని, పిల్లలచే వికీసోర్సున ఆకుపచ్చ గుర్తు వఱకు తీసికొనిపోవలెను. సంఘము తన ఖర్చుతో బడులన్నిటికిని కలసి ఒక వికీని నెలకొల్పి, దాని ప్రతిని ప్రతి మాసము భద్రపఱచు బాధ్యతను ఒక వ్యక్తిపై గాక ముగ్గురిపై మోపవలెను. అట్లు చేసిన ఒకరు ఊరు విడిచినను పని విడువదు.

ఈ తీర్మానములను వలదనువారు వలదనుటకు కారణమును ఈ పత్రికలోనే వ్రాయుదురు గాక; బదులు చెప్పుటకు సిద్ధముగా నున్నాము. కారణము లేనివారు మాత్రము దయచేసి బీరువా తాళపుచెవిని ఉపాధ్యాయుని చేతికిచ్చి, ప్రక్కకు తొలగవలెనని కోరుచున్నాము.